ఎన్ని అని అడిగితే

కొల్లేట్లో పక్షులు నా చిన్నప్పుడు చాలా ఎక్కువగా ఉండేవి అని నేనంటే అది ఎంతవరకు నిజం? మనవడితో కలిసి జనవరిలో నీటిపక్షుల లెక్కింపుకు వెళ్లడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నాకు గుర్తున్నది సాక్ష్యంగా నిలబడుతుందా, లేక వయసు మళ్లినవాళ్లందరి నోటా వచ్చే "మా రోజుల్లో" అన్న మాటేనా?

నన్ను చూసి మెచ్చుకునేవాళ్లకు ఈ సందేహం లేదు. "మీలాంటి పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలకి ప్రకృతి మీద ప్రేమ పుడుతుంది, మీ అనుభవమంతా వాళ్లకి అందుతుంది" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ నేనొప్పుకోను. ఎనిమిదో తరగతి చదివే మావాడికి ఆ ప్రేమ నేను పుట్టించాల్సిన పని లేకుండానే ఉంది. నా పేరు కూడా రాయించి నన్ను గట్టు మీదికి తీసుకెళ్లింది వాడే. ఇక అనుభవమంటారా, అక్కడ నిలబడ్డాక దానితో ఏం పని పడుతుందన్నదే నా బాధ.

లెక్కింపులో జ్ఞాపకానికి చోటు లేదు. 1987 నుంచి ఏటా జనవరిలో, వలస పక్షులు ఇంకా మన దగ్గరే ఉన్న రోజుల్లో, ఆసియా దేశాల్లో ఈ గణన జరుగుతోంది. ఏ ఊరు, ఏ చెరువు, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ పక్షి, ఎన్ని. అంతే. మా జట్టును నడిపిస్తున్న కుర్రాడు మొదటే గట్టిగా చెప్పాడు: "చూసిందే రాయండి. చెరువులో ఒక్క పక్షీ లేకపోతే సున్నా అని రాయండి. ఖాళీ మాత్రం వదలొద్దు." ఎందుకని అడిగాను. సున్నా అంటే వెళ్లి చూశాం, లేవు అని అర్థమట. ఖాళీ అంటే ఎవరూ వెళ్లనే లేదని.

ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. ఆ లెక్కన మా ఊరి విషయంలో నా బాల్యమంతా ఖాళీయే కదా. వెళ్లి చూసినవాళ్లు ఊరినిండా ఉన్నారు, రాసినవాళ్లు లేరు.

ఆ పొద్దున్నే జరిగింది ఇంకొకటి చెప్పాలి. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కిక్కిస దుబ్బుల అవతల, గుర్రపుడెక్క లేని మేర నీళ్ల మీద, పరజలు నల్లగా పరుచుకుని ఉన్నాయి. మావాడు స్కోపులోంచి ఒక అంచున పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. ఆ పదీ ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, సోలతో వడ్లు కొలిచినట్టు ఆ మేరను గుంపు పొడుగునా వేసుకుంటూ పోయాడు. బొటనవేలు క్లిక్కర్ మీద. ఒక్కో నొక్కుకి పది. సగం అయిందో లేదో పైన ఒక డేగ నీడలా జారింది. గుంపంతా ఒక్కసారిగా లేచింది. రెక్కల చప్పుడు ముందు, వాటి సన్నని ఈలలు ఆ వెనక. నా నోట్లోంచి మాట రాబోయింది. మా రోజుల్లో ఇలా లేస్తే ఆకాశం కనబడేది కాదురా అని.

"అమ్మమ్మా, ఇప్పుడు మాట్లాడకు" అన్నాడు, కన్ను తీయకుండానే.

మాట మింగేశాను. వాడు గాల్లోనే మళ్లీ మొదలుపెట్టాడు. గుంపు ఒక చుట్టు చుట్టి తూర్పు వైపు దిగేసరికి పెదాలు కదులుతూనే ఉన్నాయి. అంకె వేసి, పక్కన "ఎగిరినప్పుడు లెక్క" అని రాసి, దిగిన చోటు బాణం గుర్తుతో చూపించాడు, పక్క చెరువు వాళ్లు మళ్లీ లెక్కపెట్టకుండా. ఆ అంకె ముందు నేను మింగిన మాట విలువెంత అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఆ మాట బయటికి వచ్చి ఉంటే వాడి అంకె మారేదా? మారేదనే అనుకుంటున్నాను. చాలా ఉండాలి అనుకుని చూసే కంటికి చాలానే కనిపిస్తాయి, ఏమీ మిగల్లేదని నమ్మిన కంటికి తక్కువ కనిపిస్తాయి. నా దిగులు వాడి లెక్కలోకి జొరబడటం నాకిష్టం లేదు.

అయితే నోరు మూసుకోవడమే న్యాయమా? అక్కడే చిక్కు. చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో ఒక సంగతి చెప్పాడు: ప్రతి తరం తాను పని మొదలుపెట్టినప్పుడు ఏది చూసిందో అదే అసలు స్థితి అనుకుంటుంది, అక్కడి నుంచి తరిగినదాన్నే నష్టంగా లెక్కేస్తుంది. అంతకుముందు పోయింది ఎవరి ఖాతాలోనూ పడదు. నేను నోరు మూసుకుంటే మావాడికి ఈ జనవరి కొల్లేరే అసలు కొల్లేరు. చుట్టూ ఉన్న చేపల చెరువులు, గట్లు, వాటి మీద తిరిగే లారీలు పుట్టుకతోనే ఉన్నట్టు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారనీ, 2006లో పొక్లెయిన్లు పెట్టి చెరువు గట్లు తెంచారనీ వాడు చదువుకుంటాడు. అవి పుస్తకంలో ఉన్నాయి. గట్లు లేనప్పుడు ఎలా ఉండేదో చెప్పగలిగిన మేం మాత్రం ఒక్కొక్కరం వెళ్లిపోతున్నాం.

కాబట్టి చెప్పాలి అని తేల్చుకున్నాను. తేల్చుకున్నాక గూడబాతులు అడ్డొచ్చాయి.

పెలికాన్లని మావాడు పిలిచే గూడబాతులు ఇప్పుడు కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకలో గూళ్లు పెడుతున్నాయి, అటవీ శాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. ఈ సంగతి ఫోన్లో చెబుతుంటే వాళ్లమ్మ, అంటే నా కూతురు, "గూడబాతులు ఇక్కడికి కొత్తగా వచ్చినవే కదమ్మా, మా చిన్నప్పుడు గూళ్లెక్కడ చూశాం?" అంది. దానికి తెలిసినంతలో అది అబద్ధం కాదు. కానీ నేను పిల్లగా ఉన్నప్పుడు మా పక్క ఊళ్లో చెట్ల నిండా వాటి గూళ్లే. చెట్ల కింద నేల సున్నం వేసినట్టు రెట్టతో తెల్లగా ఉండేది. ఎండాకాలం దాకా ఆ వాసన ఊరిని వదిలేది కాదు. నేను పెళ్లై వెళ్లి తిరిగి వచ్చేసరికి లేవు. నా కూతురు పెరిగింది ఆ ఖాళీలో. ఖాళీ అని దానికి తెలియదు కాబట్టి లోటూ తెలియలేదు. దాని కొడుకు ఇప్పుడు ఫోటోలు తీస్తున్నాడు.

మరి "తరుగుతూనే వచ్చాయి" అన్న నా కథ ఏమైనట్టు? గూడబాతుల వరకు మా అమ్మాయి చూడనిది మావాడు చూస్తున్నాడు. జ్ఞాపకం ఎప్పుడూ కిందికే జారే కథ చెబుతుంది. పక్షులు పోయాయి, మళ్లీ వచ్చాయి. వచ్చింది చెట్ల మీదికి కాదు, ఇనుము మీదికి. ఆ తేడాను వాడి ఫారంలోని అంకె చెప్పదు. ఎన్ని అన్నది అంకెకు తెలుసు, ఎక్కడ ఎలా అన్నది నాకు తెలుసు. ఇలా పంచేసుకుంటే సరిపోతుందనుకున్నాను, కానీ అదీ పూర్తిగా నిలబడదు. నాకు గుర్తున్న ఆ చెట్లలో ఏవి నేను చూసినవో, ఏవి మా అమ్మ చెప్పగా నా కళ్ల ముందు నిలిచినవో నేనే విడదీయలేకపోతున్నాను.

ఈ విషయంలో నన్ను నిలబెట్టింది ఒక మలయాళీ మాస్టారు. కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు గూళ్లు పెట్టే చోటును చూసి, చూసిన వివరాలు రాసి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1949లో అచ్చు వేయించారు. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద పుస్తకం రాసినదీ ఆయనే. ఆ గూళ్ల చోటు 1975 ప్రాంతానికల్లా పూర్తిగా ఖాళీ అయిపోయిందని ఈ రోజు ఎవరైనా అనగలుగుతున్నారంటే, ముందు అక్కడ ఉన్నాయని ఒకరు రాసి పెట్టడం వల్లే. మా ఊళ్లవాళ్లం ఏటా చూశాం. ఒక్కరం రాయలేదు. నాకు గుర్తున్నదానికి ఆయన కాగితం తోడు రాకపోతే నా మాట నా కూతురే నమ్మేది కాదేమో.

ఆ సాయంత్రం మావాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "ఎన్ని ఉండేవి?" అన్నాడు.

తెలియదన్నాను.

"సుమారుగా? వందా, వెయ్యా?"

చెప్పాలని ఎంతగా అనిపించిందో! వెయ్యి అంటే వాడు రాసుకునేవాడు. తెలియదనే మళ్లీ అన్నాను. అప్పుడు వాడు తన నోటుపుస్తకంలో వెనక పేజీలో రాశాడు: ఊరి పేరు, 1960ల చివర, చెట్ల మీద గూళ్లు, చూసింది అమ్మమ్మ, సంఖ్య తెలియదు. ఏ చెట్లని అడిగాడు. చింతచెట్లని గట్టిగా చెప్పగలిగాను, ఎందుకంటే కాయ కోతకు వెళ్లి రెట్ట పడి గౌను మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఒక్కటీ మా అమ్మ చెప్పగా విన్నది కాదు, నా ఒంటి మీద పడింది.

ఇప్పుడు నేను పాటిస్తున్నది ఇదీ. గట్టు మీద ఉన్నంతసేపు నా కాలం గురించి ఒక్క మాట మాట్లాడను. వాడి లెక్క వాడి కళ్లదే కావాలి. ఇంటికొచ్చాక, ఊరికో చెట్టుకో సంవత్సరానికో కట్టి చూపించగలిగినదే చెబుతాను. మిగతాది ఎంత అందంగా గుర్తున్నా చెప్పను. ఇది తక్కువ చెప్పడమే, కొన్నిసార్లు కష్టంగానే ఉంటుంది. కానీ నా తరం జ్ఞాపకాలు చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరుగుతాయి, పెరిగిన జ్ఞాపకాన్ని రేపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీ ఊళ్లో చెరువుంటే, ఇంట్లో డెబ్భై దాటినవాళ్లుంటే, ఈ జనవరి లోపే వాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఏ పక్షి, ఏ చెట్టు, ఏ సంవత్సరం. ఎన్ని అంటే తెలియదన్నారా, తెలియదనే రాయండి. పేజీ మాత్రం ఖాళీగా వదలకండి.