కార్క్ పీపాలో ఉప్పూ నీరూ

ఐర్లండ్ దక్షిణ తీరంలోని కార్క్ రేవు 18వ శతాబ్దంలో గొడ్డుమాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, పీపాలకెత్తి, సుదూర ప్రయాణాల ఓడలకూ కరిబియన్ దీవులకూ పంపి పేరు గడించింది. ఆ పీపాలలో సాగింది తరచుగా ఒకటిగా పొరబడే రెండు ప్రక్రియలు.

అణువులు, అయాన్లు తమ గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి వాటంతటవే వ్యాపించడం విసరణ. దానికి నడుమ పొర ఉండనవసరం లేదు. ద్రవాభిసరణకు మాత్రం నీటిని పోనిచ్చి లవణాన్ని అడ్డగించే అర్ధపారగమ్య పొర తప్పనిసరి; నీరు ఆ పొర గుండా పలచని ద్రావణం నుండి చిక్కని ద్రావణం వైపు సాగుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నొలే 1748లో పంది మూత్రాశయపు పొరతో దీనిని గమనించే నాటికే కార్క్ వర్తకులు, పేరు తెలియకపోయినా, దాని ఫలితాన్ని అమ్ముకుంటున్నారు.

ఉప్పు తగలగానే, ఆవకాయలో మామిడిముక్క ఊటనిచ్చినట్లు, మాంసం నీటిని విడుస్తుంది. సూక్ష్మజీవుల కణాలు కూడా అలాగే నీరు కోల్పోవడం వల్ల వాటి పెరుగుదల మందగిస్తుంది. ఇది ద్రవాభిసరణ చేసే పని. అయితే నిర్జీవ కణజాలంలో పొరలు క్రమంగా శిథిలమవుతాయి కనుక, ఉప్పు విసరణ ద్వారా లోలోపలికి చొచ్చుకుపోతుంది. ఈ రెండవ పనే నిదానమైనది, ఎందుకంటే లోతు రెట్టింపైతే పట్టే కాలం సుమారు నాలుగింతలవుతుంది. 1788లో మొదలైన కార్క్ నగరపు ఇంగ్లిష్ మార్కెట్‌లో క్రిస్మస్‌కు అమ్మే మసాలా గొడ్డుమాంసాన్ని రోజుల తరబడి ముందుగానే ఊరబెట్టవలసి రావడానికి ప్రధాన కారణం ఇదే.