రేఖాచిత్రంలో మనిషి

మనిషిని గురించి గానీ, ఊరిని గురించి గానీ రేఖాచిత్రం రాయటం కేవలం శిల్పానికి సంబంధించిన సంగతని మన విద్యార్థులు అనుకుంటారు. ఎత్తుగడ, సంభాషణ, వర్ణన కుదిరితే చాలని వారి నమ్మకం. నా దృష్టిలో అది ముందు నీతికి సంబంధించిన ప్రశ్న. కలం రాసేవాడి చేతిలో ఉంది. ఎవరిని గురించి రాస్తున్నాడో వారి చేతిలో లేదు.

ఆ మధ్య ఒక విద్యార్థి, తార్నాకలో టీ అమ్ముకునే ఒకాయన మీద రాసి తెచ్చాడు. అందులో ఆకలి ఉంది, దోపిడి ఉంది, బిగించిన పిడికిలి కూడా ఉంది. మనిషి లేడు. ఆయన నీతో ఏం మాట్లాడాడని అడిగాను. టీ పెట్టటం గురించి చాలాసేపు చెప్పాడట. బందులంటే తనకు గిట్టదన్నాడట. ఆ రోజు పాలు పారబోసుకోవాలి. "అది రాస్తే అభ్యుదయానికి దెబ్బ కదా సార్!" అన్నాడు కుర్రవాడు. ఆ పారబోసిన పాలే కదా అసలు వస్తువు! మన పోరాటానికీ ఒక పేదవాడి ఒకనాటి బేరానికీ మధ్య చిక్కు ఉంటే, దాన్ని దాచటం వర్గదృష్టి ఎట్లా అవుతుంది?

టాల్‌స్టాయ్ మతచింతన గోర్కీకి నచ్చేది కాదు. అయినా క్రిమియాలో ఇరుగుపొరుగున ఉన్న రోజుల్లో కాగితం ముక్కల మీద రాసుకున్నవి 1919లో అచ్చువేసినప్పుడు, ఆ ముసలాయన మహత్తునూ మొండితనాన్నీ, తన చిరాకునూ కూడా ఉండనిచ్చాడు.

స్థలం సంగతీ అంతే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి నిజాం దర్పాన్ని తిట్టటం తేలిక, భవనాన్ని పొగడటం ఇంకా తేలిక. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో, ఒక దేశభాషలో, చెప్పింది. పాఠ్యగ్రంథాల కోసం అనువాద శాఖనే నడిపింది. కానీ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ పీట దక్కలేదు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొడితే చాలామంది నాగపూరు పోయి చదువుకున్నారు. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. ఇందులో మనకు ఇబ్బందిగా ఉన్న ముక్కను తీసేస్తే మిగిలేది కరపత్రం.

1972 ఏప్రిల్ 14న ఈ ఆవరణలోనే హత్యకు గురైన జార్జిరెడ్డి మీద మనవాళ్ళు ఎంతో రాశారు. ఆయన భౌతికశాస్త్ర విద్యార్థి. ఆ శాస్త్రంలో ఆయన్ను పట్టి లాగిన ప్రశ్న ఏదో, ఆ వ్యాసాల్లో ఎన్ని అడిగాయి?