బలవంతుని వంతు

ఆటలో గెలుపోటములుంటాయి గాని ధర్మాధర్మాలుంటాయా అన్నది పాత ప్రశ్న. మన ఇతిహాసంలో ఈ ప్రశ్న అన్నిటికన్నా గట్టిగా వినిపించింది ఒక జూదపు సభలోనే. తనను తాను ఓడిపోయినవానికి మరొకరిని పణంగా ఒడ్డే అధికారం ఎక్కడిదని ద్రౌపది అడిగింది. పాచికలు నియమం ప్రకారమే పడ్డాయా లేదా అని సభ ఆలోచించింది గాని, ఆమె అడిగినదానికి సూటిగా బదులు చెప్పలేకపోయింది. నియమం అనుమతించిన పని అంతమాత్రం చేతనే న్యాయమవుతుందా? ఈ సందేహం ఈమధ్య నాకు ఊహించని చోట, కొందరు కుర్రవాళ్లు కార్డులాడుతుండగా మళ్లీ ఎదురైంది.

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద భన్‌పురి ఉంది. కర్మాగారాలు, గోదాములు, రాత్రింబవళ్లు ఆగని లారీలు అక్కడి దృశ్యం. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే కాలనీల్లోనూ, భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టుపక్కలా ఉన్నట్లే ఈ ప్రాంతంలోనూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. మా అక్కగారి కుటుంబం అటువంటిది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ముందుగదిలో మా మేనల్లుడు, అతని స్నేహితులు ముగ్గురు చాప మీద కూర్చుని రంగురంగుల బొమ్మలున్న కార్డులు పరచుకున్నారు. పేకాట అనుకుని ముఖం చిట్లించాను. అది పేకాట కాదు, డబ్బు పందెమూ లేదు.

ఆ ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితశాస్త్రజ్ఞుడు దానిని రూపొందించగా 1993లో వెలువడింది. ఒక్కొక్క కార్డు ఒక జీవి, లేదా ఒక మంత్రం, లేదా ఆ మంత్రాలకు శక్తినిచ్చే ఒక భూమి. ఆ శక్తిని మానా అంటారు. 1994లో వచ్చిన లెజెండ్స్ అనే సంపుటితో ఇందులోకి పురాణ పురుషుల వంటి జీవులు ప్రవేశించారు. సొంత పేరు, సొంత చరిత్ర గల ఆ జీవుల చుట్టూ ఆటగాళ్లే నలుగురు కలిసి ఆడే ఒక పద్ధతిని అల్లుకున్నారు. 2011లో ప్రచురణ సంస్థ దానిని కమాండర్ అన్న పేరుతో స్వీకరించింది. ప్రతివారికీ నూరు కార్డుల కట్ట ఉంటుంది. సాధారణ భూములు తప్ప ఏ కార్డూ రెండోసారి రాకూడదు. ప్రాణబలం 40తో మొదలవుతుంది. ఒక పురాణ జీవిని సేనానిగా ఎంచుకుని, మొదటినుంచీ అందరికీ కనబడేలా బయట ఉంచాలి. ఒకే సేనాని పోరులో కొట్టిన దెబ్బలు మొత్తం 21కి చేరితే, దెబ్బ తిన్నవాడు తన ప్రాణబలం ఎంత మిగిలి ఉన్నా ఆట నుంచి తొలగుతాడు.

దేవతలను, వీరులను చీట్ల మీద నిలిపి ఆడుకోవడం మనకు కొత్తేమీ కాదు. బాబరు 1527లో సింధులోని ఒక పాలకునికి గంజీఫా చీట్లు పంపినట్లు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఆట మన నేల మీద దశావతార రూపం దాల్చింది. పది అవతారాలు, అవతారానికి పన్నెండేసి చొప్పున 120 చీట్లు, ఒక్కొక్క అవతారానికి ఒక రాజు, ఒక మంత్రి. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులు ఈ చీట్లకు రంగులద్దారు. పగలు ఆడితే రాముని చీటితో, రాత్రి ఆడితే కృష్ణుని చీటితో ఆట ఆరంభమయ్యేది. అంటే ముందు నడిచే గౌరవం ఆటగాని సొత్తు కాదు, కాలం ఇచ్చిన వంతు. పంచేటప్పుడు ఎవరి చేతికి ఏది వస్తే అది వారి బలం. మా మేనల్లుని ఆట ఇక్కడే వేరుపడుతుంది. ఇందులో ఎవరి కట్ట వారే కూర్చుకుని తెచ్చుకుంటారు. కనుక చాప మీద కూర్చునే నలుగురూ సమానులు కారు. అసమానత ఆటకు ముందే మొదలవుతుంది.

ఆనాడు మా మేనల్లుని సేనాని నికోల్ బోలాస్ అనే వృద్ధ నాగరాజు, రెక్కలున్న మహాసర్పం. 1994 నాటి ఆ పాత కార్డును దింపడానికి ఎనిమిది మానా కావాలి. దాని దెబ్బ 7. అది ఎవరిని తాకితే వారి చేతిలోని కార్డులన్నీ పోతాయి. మూడు దెబ్బలు తగిలితే 21 నిండుతుంది. కుర్రవాడు ఓపికగా భూములు పోగుచేసి, ఒక వంతులో దానిని దింపాడు. గదిలో మాటలాగిపోయాయి. మిగిలిన ముగ్గురిలో ఒకని ముందు పెద్ద సేన నిలిచి ఉంది. రెండవవాడు మధ్యస్థుడు. మూడవవాడు పొరుగింటి పదిహేనేళ్ల పిల్లవాడు. అరువు తెచ్చిన కట్టతో ఆడుతున్నాడు. ఎగిరే సర్పాన్ని అడ్డుకోగల జీవి అతని దగ్గర ఒక్కటీ లేదు.

తరువాతి వంతులో సర్పం ఆ పిల్లవాని మీదికే వెళ్లింది. చేతిలోని కార్డులన్నీ పోయాయి. మరి రెండు వంతులు గడిచేసరికి అతని ఆట ముగిసింది. మిగిలిన ఆట ఇంకొక గంటకు పైగా సాగింది. అంతసేపూ ఆ పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని లారీలు చూశాడు. కోపగించలేదు, ఏడవలేదు. ఒకసారి మాత్రం తన కట్టను విప్పి, తను ఆడలేకపోయిన కార్డులను ఒక్కొక్కటే చూసుకున్నాడు.

ఆట అయ్యాక మేనల్లుణ్ణి అడిగాను. ‘‘వాణ్ణే ఎందుకు కొట్టావురా?’’

‘‘వాడు తిరిగి కొట్టలేడు కదా, మామయ్యా. ఆ పెద్ద సేనవాణ్ణి కదిలిస్తే నన్ను బతకనిస్తాడా?’’

ఆ జవాబులో అబద్ధం లేదు. ఆట నియమాలకు విరుద్ధమైనదీ లేదు. ఓడిపోవడానికి సిద్ధపడే అందరూ కూర్చున్నారు. అయినా ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

ఇద్దరి ఆటకూ నలుగురి ఆటకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. చదరంగంలో ప్రత్యర్థి ముందే నిర్ణయమై ఉంటాడు. బలమంతా అతని మీదే ప్రయోగించాలి, అందులో తప్పొప్పుల ప్రసక్తి లేదు. నలుగురు కూర్చున్న చోట మాత్రం ప్రతి దెబ్బకూ ముందు ఒక ఎంపిక ఉంది. దెబ్బ ఎవరికన్నది ఆటగాడే తేల్చుకోవాలి. ఎంపిక ఉన్నచోట బాధ్యత తప్పదు. ‘‘నియమం ఒప్పుకుంది’’ అన్న సమాధానం ఎందుకు కొట్టావన్న ప్రశ్నకు సరిపోతుంది. ఇతనినే ఎందుకు కొట్టావన్న ప్రశ్నకు సరిపోదు.

బలహీనుణ్ణి ఎన్నడూ తాకరాదని నేననడం లేదు. గెలుపునకు అతడే అడ్డయితే అతనితో తలపడడమే ఆటకిచ్చే గౌరవం. జాలిపడి వదిలివేస్తే అతణ్ణి ఆటగాడిగా లెక్కించనట్లే అవుతుంది. కాని ఆనాడు మావాని గెలుపునకు అడ్డు ఆ పిల్లవాడు కాదు. ఎదుటి సేనను చూసి కలిగిన భయం తేలికైన దారి వెతుక్కుంది. బలం ఎక్కడ అవసరమో అక్కడికి పోక, ఎక్కడ ప్రతిఘటన లేదో అక్కడికి పోయింది. నాకు కనబడిన దోషం ఇదే.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ 16వ శతాబ్దపు దక్కను గుర్తుకు రాకుండా ఉండదు. 1542 తరువాత సదాశివరాయల పేర విజయనగర పాలనను చేపట్టిన అళియ రామరాయలు తన కాలంలో అందరికన్నా బలమైన ఆటగాడు. ఒక సుల్తానుతో చేయి కలిపి మరొక సుల్తానును అణచడం ఆయన నీతి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సింహాసనానికి ముందు, 1543 నుంచి ఏడేళ్లపాటు విజయనగరంలోనే ఆశ్రయం పొందాడు. అటువంటి ఇబ్రహీం కూడా చివరకు బీజాపూర్, అహమ్మద్‌నగర్, బీదర్ పాలకులతో కలిసి 1565 జనవరిలో కృష్ణాతీరాన రామరాయల మీదికి వచ్చాడు. వృద్ధుడైన రామరాయలు పట్టుబడి శిరచ్ఛేదానికి గురయ్యాడు. మహానగరం దోపిడీకి లోనైంది.

ఈ కథ నుంచి సాధారణంగా తీసే పాఠం ఒకటుంది: అందరికన్నా బలవంతుడు అందరికీ లక్ష్యమవుతాడు గనుక బలాన్ని దాచుకోవాలని. మా మేనల్లుడు సరిగ్గా ఈ పాఠాన్నే నమ్ముకున్నాడు. అయితే ఆ తరువాతి కథ కూడా చదవాలి. ఉమ్మడి శత్రువు పోయాక మైత్రి నిలవలేదు. కూటమిలో చిన్నదైన బీదరును 1619లో బీజాపూరే కలుపుకుంది. 1686లో బీజాపూరునూ, 1687లో గోల్కొండనూ మొగలులు ఆక్రమించారు. బలవంతుని పతనంతో బలహీనునికి రక్షణ రాలేదు. అతణ్ణి మింగే చేయి మారిందంతే.

మరి ఎప్పుడూ బలహీనుని పక్షమే వహిస్తే సరిపోతుందా? జనంలో ప్రచారంలో ఉన్న బర్బరీకుని కథ దీనికి బదులిస్తుంది. ఓడిపోతున్నవారి పక్షాన పోరాడతానని ఆ మహావీరుని ప్రతిజ్ఞ. అతడు ఏ పక్షాన చేరితే ఆ పక్షం బలవత్తరమవుతుంది. అప్పుడు రెండవ పక్షానికి మారక తప్పదు. చివరకు ఇరువైపులా ఎవరూ మిగలరు. అందుకే యుద్ధానికి ముందే కృష్ణుడు అతని శిరస్సును దానంగా కోరాడంటారు. మంచి ప్రతిజ్ఞ కూడా వివేకానికి బదులు కాజాలదు. ఆ కృష్ణుడే తన బలాన్ని గురించి వేరొక మార్గం పట్టాడు. సైన్యం ఒకవైపు, ఆయుధం పట్టని తాను ఒకవైపు అని ముందే చెప్పి, కోరుకొమ్మన్నాడు. ఆయన బలాన్ని దాచలేదు. దాని హద్దును అందరి ముందు ప్రకటించాడు.

ఈ దృష్టితో చూస్తే మా మేనల్లుని ఆటలోని నియమాలు నాకు కొత్తగా కనిపించాయి. సేనాని మొదటినుంచీ అందరికీ కనబడాలి. అతడు పడిపోతే మళ్లీ పిలవవచ్చు, కాని పిలిచిన ప్రతిసారీ రెండు మానా అదనంగా చెల్లించాలి. ఇక ఆ వృద్ధ సర్పాన్ని నిలుపుకోవాలంటే యజమాని తన ప్రతి వంతు ఆరంభంలోనూ మూడు రంగుల మానా చెల్లించాలి. చెల్లించకపోతే అది నశిస్తుంది. బలం బహిరంగంగా ఉండాలి, దానిని నిలుపుకోవడానికి ప్రతిరోజూ మూల్యం చెల్లించాలి, పోగొట్టుకుని మళ్లీ కోరితే మూల్యం పెరుగుతుంది. అధికారాన్ని గురించి ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన పాలనాశాస్త్ర గ్రంథాలు నేను ఎక్కువ చదవలేదు. ఆ నియమాలు చెప్పనిది ఒక్కటే: బలాన్ని ఎవరి మీద ప్రయోగించాలన్నది. దానిని మనిషికే వదిలాయి.

ఈ విషయంలో కుర్రవాణ్ణి మందలించే అర్హత నాకుందా అని ఆలోచించినప్పుడు ఒక పాత సంగతి ముందుకొచ్చింది. ఉద్యోగపు తొలి సంవత్సరాలలో ఒక పట్టణంలో రోడ్డు ఆక్రమణలను తొలగించే బాధ్యత నా మీద పడింది. జాబితాలో తోపుడుబండ్లు, చెప్పులు కుట్టే గుడిసె, టీ దుకాణాలతోపాటు, మెట్లను రోడ్డు మీదికి పొడిగించిన ఒక పెద్ద వస్త్రదుకాణం కూడా ఉంది. ట్రాఫిక్‌కు నిజమైన అడ్డంకి ఆ మెట్లే. దుకాణదారు కోర్టుకు వెళ్లగలడు, పైవారితో ఫోను చేయించగలడు. చిన్నవారిని ముందు తొలగిస్తే పని జరిగినట్లు నివేదికలో కనబడుతుందని అనుకున్నాను. రెండు రోజుల్లో బండ్లన్నీ తొలగాయి. మెట్ల వంతు వచ్చేసరికి స్టే ఉత్తర్వు వచ్చింది, తరువాత నాకు బదిలీ వచ్చింది. నేను చేసినదంతా నిబంధనల ప్రకారమే. ఫైలులో ఒక్క లోపం కూడా ఎవరూ పట్టలేరు. నాడు నన్నెవరైనా అడిగి ఉంటే నేనూ మా మేనల్లుని మాటే చెప్పేవాణ్ణి: వాళ్లు తిరిగి కొట్టలేరు కదా.

ఆ సంగతి అతనికి చెప్పాను. కొంతసేపు ఊరుకుని, ‘‘పెద్దవాణ్ణి ముందు కొట్టి ఓడిపోతే?’’ అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఓడిపోవచ్చు. ఆ ఆదివారం చిన్నవాణ్ణి కొట్టి కూడా అతడు ఓడిపోయాడు. తాకకుండా వదిలిన సేన చివరకు అతని మీదికే వచ్చింది. కాని నేను ఆ వాదన ఎత్తుకోలేదు. ఓటమి తప్పించుకోవడానికే ధర్మం పాటించాలంటే, గెలిచేవాడికి దానితో అవసరం ఉండదు. బలం చేతికి వచ్చినవాడు తనను ఒక్క మాట అడుగుకోవాలి: ఇతడు ఎదిరించగలవాడై ఉన్నా ఈ దెబ్బ ఇతనికే వేసి ఉండేవాణ్ణా? అవునంటే వేయవచ్చు. కాదంటే ఆ దెబ్బ మన బలం నుంచి కాక భయం నుంచి పుట్టినట్లే.

ఇటీవల ఒక పనిమీద ఆ పట్టణానికి వెళ్లాను. తోపుడుబండ్లు కొన్ని తిరిగి వచ్చాయి. చెప్పులు కుట్టే గుడిసె రాలేదు. వస్త్రదుకాణం మెట్లు ఇప్పటికీ రోడ్డు మీదే ఉన్నాయి.