రాజ్యం నిలిచి ఉంటే ఎవరికి స్వేచ్ఛ?

చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, మనవాళ్లు ఓడిపోకుండా ఉంటే ఎట్లుండేది?" గోండు రాజ్యాల గురించి చెప్పినా, కొమురం భీం పోరాటం గురించి చెప్పినా ఈ ప్రశ్న వస్తుంది. "జరగని దాని గురించి మనకెందుకురా" అని కొట్టిపారేయడం సులువు. నేను కూడా చాలా ఏళ్లు అట్లాగే చేశాను. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ ప్రశ్న లోపల ఇంకో పెద్ద ప్రశ్న దాగి ఉంది. ఒక జాతి స్వతంత్రంగా ఉండాలంటే అది మంచి జాతి అయి ఉండాలా? దాని ఇంట్లో తప్పులు ఉంటే, బయటివాడు వచ్చి ఏలడం న్యాయమవుతుందా?

మన సొంత చరిత్ర మీద ఈ ప్రశ్న వేసుకుంటే గర్వమో కోపమో ముందుగా వచ్చి కూర్చుంటుంది. ఆలోచనకు చోటు ఉండదు. అందుకే చాలా దూరపు దేశం కథ ఒకటి తీసుకుంటాను. ఐర్లండ్‌లో పడమటి వైపు ఉన్న కొనాక్ట్ రాజ్యం కథ ఇది.

పన్నెండో శతాబ్దంలో ఐర్లండ్‌లో ఒకే రాజు లేడు. చిన్న చిన్న తెగలకు చిన్న రాజులు, వాళ్ల మీద పెద్ద రాజులు ఉండేవారు. అందరి మీదా పైచేయి సాధించినవాడిని మహారాజు అనేవారు. 1166లో కొనాక్ట్ రాజు రోరీ ఓకానర్ ఆ స్థానానికి వచ్చాడు. అదే ఏడాది లెన్‌స్టర్ రాజు డెర్మట్ మక్‌మరోను అతని శత్రువులంతా కలిసి దేశం నుంచి తరిమేశారు. డెర్మట్ సముద్రం దాటి ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీని ఆశ్రయించాడు. సైన్యం పోగుచేసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. వేల్స్‌లో ఉన్న నార్మన్ దొరలకు భూములు ఆశ చూపాడు. వాళ్లలో స్ట్రాంగ్‌బో అని పేరుపడిన రిచర్డ్ డి క్లేర్‌కు తన కూతురు ఈఫాను ఇచ్చి పెళ్లి చేస్తానని, తన తర్వాత రాజ్యం కూడా అతనిదేనని మాట ఇచ్చాడు. 1169లో మొదటి గుంపు ఒడ్డుకు దిగింది. 1170లో వాటర్‌ఫర్డ్, డబ్లిన్ పట్టణాలు పడిపోయాయి. 1171లో డెర్మట్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో హెన్రీయే పెద్ద సైన్యంతో వచ్చి దిగాడు.

అయినా కొనాక్ట్ లొంగలేదు. చివరికి 1175లో విండ్సర్‌లో ఒక సంధి జరిగింది. రోరీ హెన్రీని తనకు పై రాజుగా ఒప్పుకోవాలి. కప్పం కింద, కోసిన ప్రతి పది పశువుల తోళ్లలో ఒక మంచి తోలు ఇవ్వాలి. దానికి బదులుగా కొనాక్ట్ రోరీదే. నార్మన్లు పట్టుకోని మిగతా ప్రాంతాల మీద కూడా అతని పెత్తనమే సాగుతుంది. ఆ మాట రెండేళ్లు కూడా నిలవలేదు. 1177లో హెన్రీ తన చేతిలో లేని కార్క్, లిమరిక్ రాజ్యాలను తన దొరలకు పంచేశాడు. తన చిన్న కొడుకు జాన్‌ను ఐర్లండ్‌కు ప్రభువును చేశాడు. తర్వాత తరంలో 1227లో కొనాక్ట్‌ను కూడా రిచర్డ్ డి బర్గ్ అనే దొరకు రాసిచ్చారు. 1235లో అతను సైన్యంతో వచ్చి దాన్ని ఆక్రమించాడు.

ఇప్పుడు ఊహిద్దాం. ఆ 1175 సంధి నిలిచింది. కొనాక్ట్ నిలిచింది. దాని చుట్టూ ఐర్లండ్ అంతా ఒక రాజ్యంగా నెమ్మదిగా కలిసింది. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. రోరీ తండ్రి కాలంలోనే షానన్ నది మీద వంతెనలు, కోటలు, పడవల దండు ఏర్పడ్డాయి. నార్మన్లు రాకముందే, 1152లో, చర్చి దేశం మొత్తాన్ని నాలుగు పెద్ద మండలాలుగా సర్దుకుంది. భూమి వంశం మొత్తానిదిగా లెక్కించే పద్ధతి, బ్రెహన్లు అనే న్యాయం తెలిసిన పెద్దలు తీర్పు చెప్పే పద్ధతి ఇంకా కొన్ని వందల ఏళ్లు పెరిగి, మారి, నిలిచి ఉండేవి. హత్య జరిగినా ఉరి తీయడం కంటే నష్టపరిహారం కట్టించడం ఆ న్యాయంలో ముఖ్యం. కొన్ని కారణాలు ఉంటే భార్య భర్త నుంచి విడిపోవచ్చు, తన సొత్తు తాను తీసుకుపోవచ్చు. ఇవన్నీ చదివితే మనకు సంతోషం కలుగుతుంది. మన పెద్దల పంచాయతీలు గుర్తొస్తాయి.

మనం చేసే మొదటి తప్పు ఇక్కడే. ఊహను ఇక్కడితో ఆపేసి, అదొక బంగారు లోకం అనుకుంటాం. ఆ బ్రెహన్ల పాత న్యాయ గ్రంథాల్లోనే "కుమల్" అనే మాట ఉంది. ఆ మాటకు అర్థం ఆడ బానిస. దాన్ని విలువ కట్టే కొలతగా వాడారు. ఒక కుమల్ అంటే సాధారణంగా మూడు పాడి ఆవుల వెల. జరిమానాలను, భూమిని కూడా ఆ పేరుతోనే లెక్కగట్టారు. మనం శేరు, మానెడు అన్నట్టుగా వాళ్లు ఒక స్త్రీ పేరుతో కొలిచారన్నమాట. మనిషి పరువుకూ అంతస్తును బట్టి వెల ఉండేది. రాజుకు ఎక్కువ, రైతుకు తక్కువ, బానిసకు ఏమీ లేదు. బానిసకు దెబ్బ తగిలితే పరిహారం యజమానికి వెళ్లేది. రాజుల సంగతి చూద్దామా? 1170లో రోరీ తన దగ్గర బందీలుగా ఉన్న డెర్మట్ వాళ్లను చంపించాడు. వాళ్లలో డెర్మట్ కొడుకు ఉన్నాడు. 1177లో రోరీ సొంత కొడుకు నార్మన్లను కొనాక్ట్‌లోకి తీసుకొస్తే, పట్టుకుని కళ్లు తీయించారు. ఈ రాజ్యం నిలిచి ఉంటే కిరీటం నిలిచేది. ఆ ఆడ బానిస ఎక్కడ ఉండేది?

రెండో తప్పు దీనికి ఎదురుగా ఉంటుంది. "వాళ్లలో బానిసత్వం ఉంది, కొట్లాటలు ఉన్నాయి, కాబట్టి బయటివాళ్లు రావడం మంచిదే" అనడం. గెలిచినవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఇది. ఐర్లండ్ వాళ్ల నడతను, మతాన్ని సరిదిద్దడానికే వెళ్తున్నామని అప్పుడూ చెప్పుకున్నారు. సరిదిద్దారా? 1317లో ఉత్తర ఐర్లండ్ రాజు డోనల్ ఓనీల్ తదితరులు పోపుకు ఒక పెద్ద ఫిర్యాదు పంపారు. ఐరిష్ మనిషిని ఇంగ్లీషువాడు చంపినా శిక్ష లేదని అందులో రాశారు. 1366లో కిల్‌కెన్నీలో చేసిన శాసనాలు అక్కడ స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లు ఐరిష్ భాష మాట్లాడకూడదని, ఐరిష్ వాళ్లతో పెళ్లి సంబంధాలు పెట్టుకోకూడదని, బ్రెహన్ న్యాయానికి పోకూడదని అన్నాయి. రాజుల కింద కట్టుబడి ఉన్న పేద రైతులు కొత్త దొరల కింద కూడా కట్టుబడే ఉన్నారు. దొర మారాడు, కాడి మారలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో సంగతి. 1170లో నార్మన్లు దేశంలోకి వచ్చి ఉన్న సమయంలోనే ఐరిష్ మతపెద్దలు ఆర్మా పట్టణంలో సమావేశమయ్యారు. ఈ కష్టం మనకెందుకు వచ్చిందని అడుగుకున్నారు. ఇంగ్లండ్ నుంచి మనుషులను కొని బానిసలుగా పెట్టుకున్న పాపానికే వచ్చిందని అనుకున్నారు. దేశంలో ఉన్న ఇంగ్లీషు బానిసలందరినీ విడిచిపెట్టాలని తీర్మానించారు. ఇది రాసిపెట్టింది గెరాల్డ్ అనే వేల్స్ మతాధికారి. అతను దండెత్తి వచ్చినవాళ్లకు బంధువు, వాళ్లను సమర్థించినవాడు. ఐరిష్ వాళ్లను హీనంగా చూసిన అతని పుస్తకంలోనే ఈ సాక్ష్యం మిగిలింది. ఆ ఇంటివాళ్లకు తమ తప్పు చూసుకునే కన్ను ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

దండయాత్ర ఒక జాతి దగ్గర భూమితో పాటు తన తప్పును తానే దిద్దుకునే అవకాశాన్ని కూడా లాక్కుపోతుంది. ఆ తర్వాత సొంత న్యాయంలో మార్పు తేవాలన్నా భయమే. మారిస్తే శత్రువు మాట ఒప్పుకున్నట్టు ఉంటుంది. మార్చకపోతే తప్పు అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. "మీరు దిద్దుకునేదాకా ఆ బానిస స్త్రీ ఆగాలా?" అని. ఆగమని చెప్పే హక్కు నాకు లేదు. ఆమెకు ఎవరు చేయి అందించినా అది న్యాయమే. కానీ సాయానికీ స్వాధీనానికీ తేడా ఉంది. సాయానికి వచ్చినవాడు నేరుగా ఆమె దగ్గరకు వెళ్తాడు. స్వాధీనానికి వచ్చినవాడు భూమి దగ్గరకు వెళ్తాడు. హెన్రీ ఎటు వెళ్లాడో కార్క్, లిమరిక్ చెబుతున్నాయి.

ఈ కథ విన్నప్పుడు పిల్లలు వెంటనే డెర్మట్‌ను తిడతారు. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. అది సగం నిజమే. డెర్మట్ పోయాక కూడా రోరీ కొడుకులు, అతని తమ్ముడి కొడుకు సింహాసనం కోసం తమలో తాము కొట్లాడారు. ఆ కొట్లాటల్లోకి ఇంగ్లీషు దొరలు దిగారు. ఒక్క ద్రోహి మీద నెపం వేస్తే మన పని అయిపోతుంది, నేర్చుకోవలసింది మిగిలిపోతుంది.

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నకు తిరిగి వస్తాను. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో వచ్చిన 1/70 చట్టం చెబుతుంది. కాగితం మీద మాట కాపలా లేకపోతే నిలవదని విండ్సర్ సంధి చెబుతుంది. కాబట్టి కాపలా కాయాలి, అందులో సందేహం లేదు. దాంతో పాటు మనవాళ్ల పంచాయతీలో ఆడపిల్ల మాట ఎంతవరకు చెల్లుతోంది? విధవరాలికి భూమిలో వాటా ఎవరిస్తున్నారు? ఈ ప్రశ్నలు బయటివాడు అడిగితే మనకు కోపం వస్తుంది. అందుకే మనమే ముందు అడగాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. "మనవాళ్లు గెలిచి ఉంటే?" అని పిల్లలు అడిగితే ఆపకండి. ఊహించనివ్వండి, బొమ్మ గీయనివ్వండి, కథ రాయనివ్వండి. తర్వాత ఒక్క ప్రశ్న వేయండి. "నీ కథలో నీళ్లు మోసేది ఎవరు? ఆమె సంతోషంగా ఉందా?" ఈ ప్రశ్న తర్వాత మా తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి తన కథను మళ్లీ రాస్తానని కాగితం తీసుకుపోయింది.