మధుపర్కాల చీరకు కొలతలుండవు

తెలుగు హిందూ వివాహంలో వధువు కట్టే బట్ట రెండు పనులు చేస్తుంది. ఒకటి క్రతువుకు చెందినది, రెండోది అలంకారానికి చెందినది. ఏ ఒంటికి ఏ చీర నప్పుతుందన్న ప్రశ్న అలంకారం వైపు నుంచి వస్తుంది. క్రతువులో ఆ ప్రశ్నకు ఎంత చోటుందన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్ళు పెళ్ళిబట్టలకు విజయవాడ వెళ్ళడం మామూలు. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో చీర మడత విప్పగానే పెద్దవాళ్ళు పిల్ల ఒడ్డూపొడుగూ చూసి మాట్లాడతారు. ఆ మాటల్లో అనుభవం ఉంది. జానెడు జరీ అంచు పొట్టిపిల్ల ఎత్తును అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది; సన్నంచు చీర, అదే రంగు జాకెట్టు ఆమెను పొడుగ్గా చూపిస్తాయి. బిరుసు పట్టు కుచ్చిళ్ళ దగ్గర ఉబ్బి నిలబడుతుంది కాబట్టి లావుగా ఉన్నవారికి ఒంటిమీద జారే మెత్తని పట్టు నయం. బక్కపలచని పిల్లకు మాత్రం ఆ బిరుసే నిండుదనం ఇస్తుంది. పైట సన్నగా మడతలు పెట్టి పిన్ను పెడితే ఒక రూపం, ఒంటిపొరగా వదిలేస్తే మరో రూపం. చీర మారకుండానే కట్టు మారుతుంది. ఇన్ని ఒళ్ళకు ఒకే బట్ట సరిపోవడానికి కారణం ఒకటే: దానికి కత్తెర తగల్లేదు.

అలంకారం అన్న మాటలోని ‘అలం’కు చాలినంత అని అర్థం. చాలినంతగా చేయడమే అలంకారం, ఉన్నదాన్ని దాచడం కాదు. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా రోజుల్లో కనకదుర్గమ్మ బాలా త్రిపురసుందరిగా, అన్నపూర్ణగా, మహాలక్ష్మిగా, సరస్వతిగా దర్శనమిస్తుంది. విగ్రహం ఒకటే, చీరా నగలూ మారతాయి. ఆ మార్పు అమ్మవారిలో ఏదో కొరత ఉందని కాదు. ఆమెలో ఉన్న ఒక్కొక్క రూపం కంటికి అందాలని. పెళ్ళిపీటల మీద వరుణ్ణి విష్ణుస్వరూపంగా, వధువును లక్ష్మీస్వరూపంగా భావిస్తారు. అలా భావించి పూజించే ఒంటిని లోపాల జాబితాగా చూసి, దాన్ని కప్పడానికి చీర వెదకడం ఆ భావనతో పొసగదు. నప్పే చీర ఎంచుకోవడంలో తప్పులేదు. పిల్ల తన ఒంటిని చూసి సిగ్గుపడేలా చేసి ఎంపిక చేయించడం మాత్రం తప్పు, అది ఎంత ప్రేమతో చేసినా సరే.

క్రతువు వైపు చూస్తే విషయం ఇంకా స్పష్టం. మధుపర్కం అసలు అర్థం వరుడికి మర్యాదగా ఇచ్చే తేనె, పెరుగు, నేతుల మిశ్రమం. తెలుగునాట ఆ పేరు ఆ సందర్భంలో పెట్టే బట్టలకు వచ్చింది: పసుపు తాకించిన తెల్లని నూలు బట్ట, ఎర్రంచు. లక్షల ఖరీదు పట్టుచీర కట్టిన పిల్ల కూడా చాలా ఇళ్ళలో వీటిలోకి మారుతుంది. వీటిని కొనేటప్పుడు ఒడ్డూపొడుగుల ప్రసక్తే రాదు. ధనికకూ పేదకూ, లావుకూ సన్నానికీ అదే బట్ట. ఋగ్వేదం పదో మండలంలోని 85వ సూక్తం, సూర్యుడి కూతురు సూర్య వివాహాన్ని చెప్పేది, వధువు కట్టిన వస్త్రాన్ని ఆ సూక్తం తెలిసిన బ్రాహ్మణుడికి ఇచ్చేయాలంటుంది. ఆ దృష్టిలో పెళ్ళిబట్ట వధువు సొత్తుగా మిగిలేదే కాదు, ఒక దశ దాటించి వెళ్ళిపోయేది.

మధుపర్కాల్లాంటి కుట్టని బట్ట ఈ నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం దగ్గర దొరికిన మాంధాత చక్రవర్తి ఫలకం, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది, సుమారు రెండువేల ఏళ్ళ నాటిది. అందులో చక్రవర్తి నడుముకు చుట్టిన బట్టతో నిలబడి ఉంటాడు. వివాహంలో ఈ కుట్టనితనానికి ఒక పని కూడా ఉంది. బ్రహ్మముడి వేయాలంటే వధువు కొంగు, వరుడి ఉత్తరీయం కావాలి. లెహంగా వేసుకున్న పిల్లకు ఓణీ చెంగుతో ముడి వేస్తారు. అంటే కుట్టిన దుస్తుల్లో కూడా క్రతువు కుట్టని ముక్కనే వెదుక్కుంటుంది.

ఇదే ప్రాంతంలోని క్రైస్తవ వధువులు తెల్లచీర కట్టి తలమీద ముసుగు వేసుకుంటారు. 1840లో విక్టోరియా రాణి తెల్లగౌను తర్వాత ఐరోపాలో స్థిరపడిన ఆ తెలుపు ఇక్కడికి వచ్చేసరికి గౌను కాకుండా చీరైంది. కొలతలు తీసి ఒంటిని బిగించే దుస్తు దారిలోనే ఆగిపోయి రంగు మాత్రం చేరింది.

కాబట్టి ఎంపికలో మొదట అడగవలసింది ఒంటి ఆకారం గురించి కాదు, ఆ ఒంటితో వధువు చేయవలసిన పనుల గురించి. గౌరీపూజకు కింద కూర్చోవాలి, దోసిళ్ళతో తలంబ్రాలు పోయాలి, సప్తపదిలో అడుగు కలపాలి, అరుంధతిని చూడటానికి తల ఎత్తాలి. వీటికి అడ్డుపడే బరువు, బిగువు ఎంత అందమిచ్చినా నప్పినట్టు కాదు. ఇవన్నీ సాగనిచ్చే చీరల్లో కంటికి ఇంపైనది తీసుకోవచ్చు. ఆ పట్టుచీరే తర్వాత వ్రతాలకు, పేరంటాలకు బయటికొస్తుంది. ఇద్దరు పిల్లల తర్వాత ఒళ్ళు మారితే కుచ్చిళ్ళు రెండు తగ్గుతాయి, అంతే.