అరుగుమీది అనేకాంతము

వర్ధమానుని బాల్యగాథలలో ఆమలకీ క్రీడ ప్రసిద్ధము. పిల్లలు చెట్టుచుట్టు ఆడుకొనుచుండగా సర్పమొకటి మొదలును చుట్టుకొన్నది. తక్కినవారు పరుగెత్తిరి, వర్ధమానుడు నిర్భయముగా దానిని తీసి ప్రక్కకు విడిచెను. ఆ ధైర్యమును ఎల్లరు మెచ్చుకొందురు. గాని మరొక సంగతియు గమనింపదగినది. రాజకుమారుడు ఒంటరిగా ఆడలేదు; తోటి పిల్లలతో కలిసి ఆడెను.

కల్లావి మొదలు కృష్ణగిరి, హోసూరుల వరకు గల సీమలో తమిళము, తెలుగు, కన్నడము ఒకే సంతలో వినబడును. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. హద్దులు గీసినంత మాత్రమున వీధిలోని మాటలు మారలేదు. ఇటువంటి చోట వ్యాపారి బిడ్డకు ఇంట మార్వాడీయో గుజరాతీయో, అంగడిలో తెలుగు, బడిలో తమిళము. ఇక్కడనే పుట్టిన ఆ బిడ్డను కూడ "మీది ఏ ఊరు?" అని అడుగువారుందురు. అరుగుమీద చింతగింజలు పంచుకొనువేళ మాత్రము ఆ ప్రశ్న రాదు. వంతు వచ్చినవాడు ఆడవలసినదే.

తెలుగువారి వామనగుంటలే తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళిమణె. గుంటకు నాలుగు గింజలని ఒక యింటివాడుక, ఐదని మరొక యింటివాడుక. "మాదే సరియైనది" అని ప్రతి బిడ్డయు పట్టుబట్టినచో ఆట సాగదు. "ఈ పర్యాయము మీ రీతి, వచ్చే పర్యాయము మా రీతి" అనుకొన్నచో సాగును. నియమమే అక్కరలేదని ఎవరును అనలేదు. తన నియమము వలెనే ఎదుటివానికిని ఒక నియమమున్నదని తెలిసికొన్నారు. అనేకాంతమునకు ఇంతకంటె మంచి తొలిపాఠమేది?

అయినను పెద్దలకు ఒక భయము కలదు. పొరుగింట ఆడబోయిన బిడ్డ అక్కడ ఉల్లిగడ్డ తినునేమో, ప్రొద్దు క్రుంకిన పిమ్మట భుజించునేమో! ఈ భయము నిర్హేతుకము కాదు. గాని బిడ్డను గడపలోపల కట్టివేసినచో వ్రతము నిలుచునా? "మా యింట చీకటిపడిన తరువాత తినము" అని బిడ్డ నెమ్మదిగా చెప్పినచో అది వ్రతము. "మీ తిండి అశుద్ధము, మీతో ఆడను" అన్నచో అది కులమదము. అష్టమదములలో దానిని చేర్చిన ధర్మమే రాత్రిభోజనమును నిషేధించినది. ఒకదానిని కాపాడబోయి రెండవదానిని పెంచుట లాభమా, నష్టమా? లెక్క తెలిసిన వర్తకులే చెప్పవలెను. ఆ రెండు మాటలలో ఏది బిడ్డ నోట వచ్చునో, అది ముందుగా పెద్దల నోట వచ్చినదే.

1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా ఆటలను, కథలను చదువులో భాగము చేసెను. అట్టి మందిరము లేని ఊరిలో ఇంటి అరుగే చాలును. పొరుగు పిల్లలను పిలిచి, వారి ఆట వారి పేరుతోనే నేర్చుకొని, తమ ఆటను తమ పేరుతో నేర్పవచ్చును.

సంవత్సరమునకొకమారు సంవత్సరీనాడు శ్రావకులు సర్వజీవులను క్షమాపణ కోరుదురు. పిల్లలు ఉదయము జట్టు విడిచి సాయంకాలమునకే మరల జట్టు కట్టుదురు. ఆ గుణము పెద్దయైన పిదపను వారిలో నిలుచునట్లు చూచుటయే తల్లిదండ్రుల ధర్మము.