బల్ల మీద ఎవరి కాగితం?

బల్ల శుభ్రంగా ఉంచుకునేవాళ్ళు పనిమంతులనీ, చిందరవందరగా ఉంచుకునేవాళ్ళు బద్ధకస్తులనీ మనకో నమ్మకం. రెండో పక్షంవాళ్ళు వెంటనే ఐన్‌స్టీన్‌ని సాక్ష్యానికి తెస్తారు. 1955 ఏప్రిల్‌లో ఆయన పోయిన రోజున ప్రిన్స్‌టన్‌లో తీసిన ఆయన బల్ల ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది: అన్నీ కాగితాల గుట్టలే. ఈ వాదన ఎంత సాగినా తేలదు. అసలు ప్రశ్నే సరిగ్గా వెయ్యలేదేమో అనిపిస్తుంది నాకు.

1983లో థామస్ మలోన్ అనే పరిశోధకుడు ఆఫీసు బల్లల్ని పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. బల్ల మీది కుప్పలు కాగితం వెతుక్కోవడానికే కాదు, చెయ్యాల్సిన పనిని గుర్తు చెయ్యడానికి కూడా. సొరుగులో పెడితే మర్చిపోతాం కనక ఎదురుగా పెట్టుకుంటాం. కొట్టాయన చీటీలన్నీ ఇనప ఊచకి గుచ్చి కళ్ళెదుట ఉంచుకునేదీ ఇందుకే. అంటే చిందరవందర కూడా ఒకరకం జ్ఞాపకమే.

చిక్కల్లా ఆ జ్ఞాపకం ఒక్క మనిషిదే కావడం. మా బాపట్ల, రేపల్లె వైపు ఆఫీసుల్లో తరచు వినపడే మాట: "ఆ సీటాయన సెలవులో ఉన్నారండీ, సోమవారం రండి." కాగితం ఎక్కడుందో ఆయనకే తెలుసు. ఆయన లెక్కలో బల్ల బాగానే ఉంది. రెండు బస్సులు మారి వచ్చిన కౌలురైతు లెక్కలో లేదు. ఆయనకి బదిలీ అయితే ఆ కాగితానికి దిక్కెవరు?

అలాగని అద్దంలా మెరిసే బల్లని చూసీ మురిసిపోలేం. తనిఖీ ఉందంటే తెల్లారేసరికి కాగితాలన్నీ బీరువాలోకి పోతాయి. బల్ల ఖాళీ, అర్జీ మాత్రం ఎక్కడిదక్కడే. ఇప్పుడు ఫైళ్ళు కంప్యూటర్లోకి వెళ్ళాయి. తెర వెనక ఆగినా ఆగినట్టే కదా!

మరి అసలైన పొందిక ఏది? తెనాలి అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాల రోజుల్ని తలుచుకోండి. ఇంగ్లీషు అక్షరాల కేసు కొత్తవాడికి గందరగోళమే. ఎ పక్కన బి ఉండదు. ఎక్కువగా కావాల్సిన ఇ అక్షరానిది అన్నిటికన్నా పెద్ద గడి. కానీ ఆ అమరిక ఏ ఒక్క కంపోజిటరు సొంతమూ కాదు, వృత్తిది. ఒకడు మానేస్తే మర్నాడు ఇంకొకడు వచ్చి పని అందుకుంటాడు. షరతల్లా ఒకటే: వాడిన అక్షరాన్ని తిరిగి దాని గడిలోనే వెయ్యాలి. లేకపోతే తరవాతవాడి ప్రూఫులో తప్పు పడుతుంది.

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశారు. అక్కడ పాత పత్రికల్ని వరసగా దాచినవాళ్ళు ఎవరికోసం దాచినట్టు? అప్పటికింకా పుట్టనివాళ్ళ కోసం కూడా.

అంచేత నాకు తోచేది ఇది. కాగితం నాదైతే గుట్టలు పోసుకున్నా నా ఇష్టం. ఎదుటివాడిదైతే, నేను లేనప్పుడు కూడా అది దొరికేలా ఉంచడం నా బాకీ. ఒకే గుమస్తా మూడు సీట్ల పని చూస్తుంటే సర్దే తీరికెక్కడిది అంటారు. నిజమే. అప్పుడా బాకీ ఆయన మీంచి ఆఫీసు మీదకి వెళ్తుంది, అంతేగాని రద్దు కాదు.

బల్ల ఎలా ఉందన్నది కాదు, నేను రాని రోజున అక్కడికి వచ్చిన మనిషి పని జరిగిందా లేదా అన్నదే లెక్క.